రైఫిలు దుర్భిణి: నిమిషమా? మిల్లీరేడియనా?

దూరముననున్న గురిని స్పష్టముగ చూచి కొట్టుటకై రైఫిలుపైన అమర్చు చిన్న దుర్భిణిని కొనదలచినవానికి, అమెరికాలోగాని ఐరోపాలోగాని, దుకాణములో ఎదురయ్యే ప్రశ్నలలో ఒకటి విచిత్రముగ తోచును. "నిమిషములలో కావలెనా, మిల్లీరేడియన్లలో కావలెనా?" అనునదే ఆ ప్రశ్న. ఇది అద్దముల నాణ్యతను గూర్చినది కాదు, వెలను గూర్చినదీ కాదు. కోణమును ఏ ప్రమాణముతో కొలువవలెనను ప్రశ్న. డిగ్రీలను రేడియన్లుగను, రేడియన్లను డిగ్రీలుగను మార్చు లెక్కలు పరీక్షలో మార్కులకు తప్ప మరెందుకు పనికివచ్చునని అనుకొను విద్యార్థులు చాలమంది యుందురు. ఆ లెక్క తప్పినచో 400 మీటర్ల దూరమున గుండు గురికి జానెడు క్రిందుగ పోవును.

ఎన్‌.సి.సి.లో చేరి .22 రైఫిలును కాల్చిన విద్యార్థులకు దుర్భిణి పరిచయము ఉండకపోవచ్చును. ఆ రైఫిలుపై ఉండునవి లోహపు గురిచూపులు మాత్రమే. దుర్భిణి నిర్మాణమును క్లుప్తముగ చెప్పుకొనవచ్చును. గొట్టములోపల, దూరపు వస్తువుయొక్క ప్రతిబింబము ఏర్పడుచోట, సన్నని అడ్డుగీత, నిలువుగీత ఒకదానినొకటి ఖండించుకొనుచు ఉండును. ఈ గీతల అల్లికను రెటికిల్ అందురు. గీతలపై చిన్న చుక్కలుగాని గంట్లుగాని సమాన దూరములలో గుర్తింపబడియుండును. వెలుపల రెండు మరలు కలవు, వీనిని టరెట్లందురు. పైనున్న మరను త్రిప్పినచో గుండు తగులు స్థానము మీదికి లేక క్రిందికి జరుగును. ప్రక్కమరను త్రిప్పినచో కుడి యెడమలకు జరుగును. మర స్వేచ్ఛగ తిరుగక, గడియారపు సాగిలి యిచ్చునపుడు విననగునట్టి చిన్న చప్పుడుతో మెట్టుమెట్టుగ తిరుగును. ఆ ఒక్కొక్క మెట్టును క్లిక్కు అందురు.

ఈ మర ఎందులకు? గొట్టమునుండి వెలువడిన గుండు ఎంత వేగముగ పోవుచున్నను, చేతినుండి జారిన రాయివలెనే అదియు భూమివైపు పడుచునే యుండును. అరసెకను కాలములో ఏ వస్తువైనను సుమారు 1.2 మీటర్లు పడును. కావున రైఫిలును ఏదో ఒక దూరమునకు, 300 మీటర్లకనుకొందము, గురి సరిచేసి యుంచుదురు. అంతకు మించిన దూరమున గుండు క్రిందుగ తగులును. గాలి వీచినచో ప్రక్కకు తొలగును. ఈ తేడాను మరతో దిద్దవలెను.

తేడాను సెంటీమీటర్లలో కొలిచి మరపై సెంటీమీటర్లే గుర్తింపరాదా? రాదు. మర త్రిప్పుటచే మారునది గుండు తగులు చోటు కాదు. చూపునకును గొట్టమునకును మధ్యనున్న కోణము. తాటాకు విసనకర్రను పట్టి చూచినచో ఈ సంగతి తేటపడును. పిడివద్ద ఒక మడతకును తరువాతి మడతకును నడుమ ఎడము వెంట్రుకవాసి. అంచువద్ద అదే రెండు మడతల మధ్య వ్రేలు పట్టును. మడతల మధ్య కోణము రెండు చోట్లను ఒకటియే. అట్లే ఒక క్లిక్కు 100 మీటర్లవద్ద గుండును ఒక సెంటీమీటరు జరిపినచో, 500 మీటర్లవద్ద అదే క్లిక్కు ఐదు సెంటీమీటర్లు జరుపును. దూరముతోపాటు మారనిది కోణమొక్కటే. మరపై దానినే గుర్తింపవలెను.

ఇక ప్రమాణముల సంగతి. మొదటిది బాబిలోనియా దేశపు ఖగోళ గణితమునుండి వచ్చినది. వృత్తమును 360 డిగ్రీలుగను, డిగ్రీని 60 నిమిషములుగను విభజించు పద్ధతి ఇది. మన పంచాంగ గణితములో డిగ్రీని అంశ లేక భాగ యనియు, ఈ నిమిషమును కల యనియు, అందులో అరువదవ వంతును వికల యనియు వ్యవహరింతురు. పూర్తి వృత్తమునకు 21,600 కలలు. గడియారపు నిమిషముతో పొరపడకుండుటకై తుపాకులవారు దీనిని ఇంగ్లీషులో 'మినిట్ ఆఫ్ యాంగిల్' అనియు, పొడి అక్షరములతో ఎం.ఓ.ఏ. అనియు అందురు. ఇది తుపాకులకొరకు పుట్టిన కొలత కాదు. అయినను ఇంగ్లీషు కొలతలతో దీనికొక చిత్రమైన పొత్తు కుదిరినది. 100 గజముల దూరమున ఒక నిమిషపు కోణము ఆవరించు పొడవు 1.047 అంగుళములు, అనగా దాదాపు ఒక అంగుళము. 200 గజములకు రెండంగుళములు, 500 గజములకు ఐదంగుళములు. గజములలో దూరమును, అంగుళములలో పొడవును తలచు అమెరికనులకు ఇంతకన్న సుఖమైన లెక్క లేదు. కాని ఇది కేవలము కాకతాళీయము. ప్రకృతిలోగాని గణితములోగాని దీనికి కారణము లేదు.

రెండవది రేడియన్. వృత్తవ్యాసార్ధమునకు సమానమైన చాపము కేంద్రమువద్ద చేయు కోణము ఒక రేడియన్. ఈ భావనను ఇంగ్లండులో రోజర్ కోట్స్ 1714లో ప్రకటించెను. పేరు మాత్రము చాల కాలము తరువాత వచ్చినది. బెల్‌ఫాస్టు నగరములో ఆచార్యుడైన జేమ్స్ థామ్సన్ 1873లో ఒక పరీక్షా ప్రశ్నపత్రములో ఆ పదమును వాడెను. రేడియన్‌లో వెయ్యవవంతు మిల్లీరేడియన్. తుపాకులవారి నోట అది 'మిల్' అయినది. దీని సుగుణమంతయు నిర్వచనములోనే యున్నది. చాపమును వ్యాసార్ధముతో భాగించినచో వచ్చునది రేడియన్ గనుక, ఒక మిల్లీరేడియన్ అనగా దూరములో వెయ్యవవంతు. 1,000 మీటర్లకు ఒక మీటరు. 100 మీటర్లకు 10 సెంటీమీటర్లు. 400 మీటర్లకు 40 సెంటీమీటర్లు. ఇచట గుర్తుంచుకొనవలసిన గుణకమేదియు లేదు. దశాంశబిందువును జరుపుటయే లెక్క.

చాపమునకు బదులు నిటారుగ నిలిచిన పలకను కొలుచుచున్నారు గదా, చాపము వంకర, పలక తిన్నన, రెండును ఒకటెట్లగునని ఉపాధ్యాయులు అడుగవచ్చును. కోణము చిన్నదైనప్పుడు ఈ భేదము ఎన్నదగినది కాదు. 10 మిల్లీరేడియన్ల కోణమునకు 1,000 మీటర్ల దూరమున చాపము 10 మీటర్లు. నిలువు పొడవు అంతకన్న మిల్లీమీటరులో మూడవవంతు మాత్రమే యెక్కువ.

ఈ రెండు ప్రమాణములకును నడుమనున్న సంఖ్య తెలుగు పాఠకులకు, ముఖ్యముగ జ్యోతిర్గణితముతో పరిచయమున్న వారికి, క్రొత్తది కాదు. ఒక మిల్లీరేడియన్ 3.438 నిమిషములకు సమానము. అనగా ఒక రేడియన్‌కు 3,438 కలలు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయములోని జ్యాపట్టికకు ఆధారమైన వ్యాసార్ధము సరిగా ఈ 3,438 కలలే. ఆర్యభటుడు వృత్తపరిధిని 21,600 కలలుగ తీసికొని, వ్యాసార్ధమును కూడ అవే కలలతో కొలిచెను. చాపమును, జ్యను, వ్యాసార్ధమును ఒకే కొలతలో చెప్పుట వలన, రేడియన్ అను పేరు లేకుండగనే దాని ప్రయోజనము ఆయనకు చేకూరినది. పట్టికలో మొదటి మెట్టు 225 కలల చాపము, అనగా మూడు ముప్పాతిక డిగ్రీలు. దానికి ఆయన యిచ్చిన జ్య విలువయు 225 కలలే. చిన్న కోణములలో చాపమునకును జ్యకును భేదము లేదను పై విషయము ఆ పట్టిక మొదటి అంకెలోనే యున్నది.

ఆయన చెప్పిన మరొక సంఖ్యయు ఇచట పనికివచ్చును. 20,000 వ్యాసము గల వృత్తమునకు పరిధి సుమారు 62,832 అని ఆర్యభటీయము చెప్పుచున్నది. అనగా వ్యాసార్ధము 10,000 అయినచో పరిధి 62,832; వ్యాసార్ధము 1,000 అయినచో 6,283.2. పూర్తి వృత్తములో ఎన్ని మిల్లీరేడియన్లున్నవని నేటి దుర్భిణి తయారీదారుని అడిగినచో చెప్పు జవాబు ఇదియే.

రెండు ప్రమాణములలో ఏది ఎక్కువ సూక్ష్మమైనది? గురికాండ్ర వాదములలో మొదట వచ్చు ప్రశ్న ఇదియే. నిజమునకు అన్నిటికన్న తక్కువ విలువగల ప్రశ్నయు ఇదియే. గజముకన్న మీటరు ఎక్కువ సూక్ష్మమైనదా యని అడుగుట ఎట్టిదో ఇదియు నట్టిదే. చూడవలసినది ప్రమాణమును కాదు, క్లిక్కు పరిమాణమును. నిమిషముల దుర్భిణులలో సాధారణముగ ఒక క్లిక్కునకు పాతిక నిమిషము. మిల్లీరేడియన్ దుర్భిణులలో పదవవంతు మిల్లీరేడియన్. 100 మీటర్లవద్ద మొదటిది గుండును 7.3 మిల్లీమీటర్లు, రెండవది 10 మిల్లీమీటర్లు జరుపును. నిమిషముల క్లిక్కు చిన్నదన్న మాట నిజమే. కాని కావలసిన దిద్దుబాటు రెండు క్లిక్కుల నడుమ పడినప్పుడు మిగులు తప్పు అరక్లిక్కుకు మించదు. ఆ తప్పు ఒకదానిలో 3.6 మిల్లీమీటర్లు, రెండవదానిలో 5 మిల్లీమీటర్లు. భేదము ఒకటిన్నర మిల్లీమీటరు లోపే. ఒక మంచి రైఫిలును దిమ్మెకు బిగించినట్లు నిలిపి కాల్చినను గుండ్లన్నియు ఒకే రంధ్రములో దూరవు. ఒక నిమిషపు కోణములో, అనగా 100 మీటర్లవద్ద 29 మిల్లీమీటర్ల మేర చెదరినచో దానిని మెచ్చుకొందురు. 29 మిల్లీమీటర్ల చెదరుపాటులో ఒకటిన్నర మిల్లీమీటరు ఎక్కడ కనబడును? ఇంకను చిన్న మెట్లు కావలసిన వారికి రెండు ప్రమాణములలోను అట్టి దుర్భిణులు కలవు: ఎనిమిదవవంతు నిమిషము, ఇరువదవవంతు మిల్లీరేడియన్.

ఈ కోణములు ఎంత చిన్నవో ఊహించుటకు ఒలింపిక్ క్రీడలలోని గురిపలకలు తోడ్పడును. 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో గురిపలక నడిమి చుక్క అడ్డుకొలత అరమిల్లీమీటరు. అనగా కాల్చువాని కంటివద్ద అది చేయు కోణము 0.05 మిల్లీరేడియన్, నిమిషములో దాదాపు ఆరవవంతు. (పెల్లెట్ 4.5 మిల్లీమీటర్ల మందముండును గనుక దాని అంచు తాకినను పది పాయింట్లు వచ్చును.) 2008 బీజింగు ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకమును, 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్య పతకమును గెలిచినది ఈ పోటీలోనే. ఆ పోటీలో దుర్భిణి వాడనీయరు. 300 మీటర్ల పోటీలో పది పాయింట్ల వలయము 100 మిల్లీమీటర్లు. కోణము మిల్లీరేడియన్‌లో మూడవవంతు, అనగా 1.15 నిమిషములు.

ఇప్పుడు ఒక లెక్క చేసి చూతము. 300 మీటర్లకు గురి సరిచేసిన రైఫిలుతో 400 మీటర్ల పలకను కాల్చగా గుండు 32 సెంటీమీటర్లు క్రిందుగ తగిలినదనుకొందము. మిల్లీరేడియన్లలో: ఆ దూరమున ఒక మిల్లీరేడియన్ 40 సెంటీమీటర్లు; 32ను 40చే భాగించిన 0.8, క్లిక్కునకు 0.1 గనుక 8 క్లిక్కులు. నిమిషములలో: 32 సెంటీమీటర్లు 12.6 అంగుళములు, 400 మీటర్లు 437 గజములు, ఆ దూరమున ఒక నిమిషము 4.37ను 1.047చే హెచ్చవేయగా 4.58 అంగుళములు, 12.6ను 4.58చే భాగించిన 2.75 నిమిషములు, క్లిక్కునకు పాతిక గనుక 11 క్లిక్కులు. ఫలితము రెండింటను ఒకటియే. గుండు ఒకే చోటికి జరుగును. కాని మొదటి లెక్క నోటితో చేయదగినది. రెండవదానికి పలకాబలపము కావలెను. రెండవది ఇంత పొడవగుటకు కారణము మీటర్లనుండి గజములకు మార్చుటయే. మొదటనే గజములలో, అంగుళములలో ఆలోచించువానికి ఈ బాధ ఉండదని న్యాయముగ ఒప్పుకొనవలెను.

నిజమునకు అనుభవజ్ఞుడైన కాల్పరి ఈ భాగహారమును కూడ చేయడు. అతడు దుర్భిణిలోనుండి చూచి, గుండు పడినచోటు గురికి ఎన్ని చుక్కల దూరముననున్నదో రెటికిల్‌పైననే కొలుచును. 0.8 అని కనబడినచో మరపై 0.8 త్రిప్పును. దూరమెంతో తెలియకపోయినను సరియే. రెటికిల్ కొలబద్ద, మర దానిని దిద్దు పనిముట్టు. రెండును కోణమునే పలుకుచున్నవి గనుక నడుమ సెంటీమీటర్లు రానక్కరలేదు.

అసలు చిక్కు ఇచ్చటనే పుట్టినది. రెటికిల్ ఒక ప్రమాణములోను, మర మరొక ప్రమాణములోను ఉన్నచో ఏమగును? ఇది ఊహించి చెప్పుచున్నది కాదు. 1970ల చివర అమెరికా నావికాదళపు మెరీన్ సైనికులకొరకు మిల్లీరేడియన్ ఎడముతో చుక్కలు పెట్టిన రెటికిల్ తయారైనది. మరలు మాత్రము అమెరికాలో అలవాటైన నిమిషములలోనే యుండుట చాలకాలము సాగినది. అమెరికా పదాతి సైన్యము 1988లో స్వీకరించిన ఎం-24 రైఫిలు దుర్భిణిలో చుక్కలు మిల్లీరేడియన్లు, మరలు నిమిషములు. అట్టి దుర్భిణిలో 0.8 చూచినవాడు దానిని 3.438చే హెచ్చవేసి 2.75 అని తెలిసికొని 11 క్లిక్కులు త్రిప్పవలెను. తొందరలో మరచి ముప్పాతికకు మూడు క్లిక్కులు త్రిప్పెనా, గుండు 8.7 సెంటీమీటర్లు మాత్రమే లేచును. గురికి ఇంకను 23 సెంటీమీటర్లు క్రిందనే యుండును. పలక అయినచో పాయింట్లు పోవును, అంతే. వేట చట్టసమ్మతమైన దేశములలో (మన దేశములో 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత వేటకు చోటు లేదు) ఆ 23 సెంటీమీటర్ల తేడావలన జంతువు వెంటనే చావక, కాలు విరిగి పొదలలో దూరి దినములకొలది బాధపడి చచ్చును.

1957 ఏప్రిల్‌లో మన దేశమున నయాపైసలు వచ్చినప్పుడు అణాలు, నయాపైసలు కొంతకాలము కలిసి చెలామణి అయినవి. అణాకు ఆరుంబాతిక నయాపైసలు గనుక అంగట్లో కొన్నవానికిని అమ్మినవానికిని జగడములు తప్పలేదు. పదునారణాల రూపాయి చెడ్డదీ కాదు, నూరు పైసల రూపాయి చెడ్డదీ కాదు. ఒక జేబులో ఒకటి, రెండవ జేబులో మరొకటి ఉండుటయే చిక్కు. దుర్భిణిలోను అంతే. ఎం-24కు తరువాత వచ్చిన ఎం-2010 రైఫిలు దుర్భిణిలో గీతలును, మరలును మిల్లీరేడియన్లలోనే యేర్పరచిరి. నేడు మంచి దుర్భిణులలో నిమిషములకు నిమిషములు, మిల్లీరేడియన్లకు మిల్లీరేడియన్లు జతగ వచ్చుచున్నవి. అయినను చుక్కలొకటి, మరలొకటిగ నున్న పాతసరకు చౌకగ దొరకుచునే యున్నది. చౌకయని దానిని కొనుట తగదు.

మిల్లీరేడియన్‌ను గూర్చి ఒక అపోహ విరివిగ ప్రచారములోనున్నది. అది మెట్రిక్ కొలతయనియు, గజములవాడు దానిని వాడలేడనియు చెప్పుదురు. రేడియన్ మీటరుకు బంధువు కాదు. అది పొడవును పొడవుతో భాగించగా వచ్చిన నిష్పత్తి. దానికి ఊరు పేరు లేదు. 1,000 గజములకు ఒక గజము, 1,000 బారలకు ఒక బార, 1,000 మూరలకు ఒక మూర. తెలుగునాట ఇండ్లస్థలములను నేటికిని చదరపు గజములలో అమ్ముచున్నారు. ఆ గజముతో కొలిచినను మిల్లీరేడియన్ పనిచేయును. ఇబ్బంది వచ్చునది గజములలో దూరమును, అంగుళములలో పొడవును చెప్పినప్పుడు మాత్రమే. గజమునకు 36 అంగుళములు గనుక 100 గజములకు ఒక మిల్లీరేడియన్ 3.6 అంగుళములగును. ఆ తప్పు మిల్లీరేడియన్‌ది కాదు, గజమును 36గా పంచిన వానిది.

దూరమును కనుగొనుటలో ఈ సంగతి మరింత స్పష్టమగును. పొడవు తెలిసిన వస్తువు దుర్భిణిలో ఎంత కోణము చేయుచున్నదో చూచి దాని దూరమును లెక్కింపవచ్చును. 45 సెంటీమీటర్ల పలక ఒకటిన్నర మిల్లీరేడియన్లుగ కనబడినచో 0.45ను 1.5చే భాగించి వెయ్యిచే హెచ్చవేయవలెను: 300 మీటర్లు. గజములు, అంగుళములు, నిమిషములు వాడువారు పలక అంగుళములను 95.5చే హెచ్చవేసి నిమిషములచే భాగింతురు. 18 అంగుళముల పలక 5 నిమిషములుగ కనబడినచో 344 గజములు. ఆ 95.5 ఎక్కడినుండి వచ్చినదో విద్యార్థులు కనుగొనవచ్చును: ఆర్యభటుని 3,438ని గజమునకున్న 36 అంగుళములచే భాగించి చూడవలెను. ఏ ప్రమాణము వాడినను ఈ పద్ధతిలో తప్పునకు తావు ఎక్కువ. పైలెక్కలో 1.5కు బదులు 1.6 అని చదివినచో 300 మీటర్లు 281 అగును. అందుచేతనే లేజరు కిరణముతో దూరమును కొలుచు సాధనములు వచ్చినతరువాత చుక్కలను లెక్కించి దూరము చెప్పువారు తగ్గిరి.

పేరొకటే యుండి కొలత వేరుగనున్న సందర్భములు కూడ కలవు. నిమిషమును 'ఒక అంగుళము' అని సరిపెట్టుకొనువారు కొందరు, నిజముగనే 100 గజములకు ఒక అంగుళము జరుపు మరలు కొన్ని. దగ్గరి దూరములలో భేదము తెలియదు. 1,000 గజములవద్ద 30 నిమిషములు ఎత్తవలసివచ్చినప్పుడు అంగుళపు లెక్కన 300 అంగుళములు, అసలు నిమిషపు లెక్కన 314 అంగుళములు వచ్చును. తేడా 14 అంగుళములు, మూరెడుకు కొంచెము తక్కువ. (ఆ 314ను చూచి గణితోపాధ్యాయులు చిరునవ్వు నవ్వవచ్చును. 30 నిమిషములనగా అరడిగ్రీ, 1,000 గజములనగా 36,000 అంగుళములు. వృత్తపరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తియే నూరింతలై ఇచట వచ్చి కూర్చున్నది.)

మిల్‌కును ఇట్టి సవతులున్నవి. ఫిరంగిదళములవారికి 6,283.2 అను సంఖ్య తలనొప్పి. దానితో దిక్సూచిని సమభాగములు చేయలేరు. అందుచే నాటో దేశములవారు వృత్తమును 6,400 భాగములు చేసిరి. దీనిని సగము, సగములో సగము, ఇట్లు ఎనిమిది మారులు ఖండించినను పూర్ణసంఖ్యయే వచ్చును. సోవియట్ యూనియన్‌వారు 6,000 ఎన్నుకొనిరి; స్వీడనులో 6,300 వాడుకలో నుండెను. నాటో భాగము 1,000 మీటర్లవద్ద 98 సెంటీమీటర్లు, సోవియట్ భాగము 105 సెంటీమీటర్లు. ఫిరంగికి ఇది చాలును. నేటి రైఫిలు దుర్భిణులలో సాధారణముగ వాడునది వృత్తమునకు 6,283 గల అసలు మిల్లీరేడియన్. పాత సైనిక సామగ్రిని కొన్నవారు మాత్రము వివరణ పత్రమును చదువుట మంచిది.

మరియొక సంగతి ప్రమాణమునకు సంబంధించినది కాకపోయినను, దానిని మరచినచో ఏ ప్రమాణమును ఉపయోగపడదు. వస్తువును పెద్దదిగ చూపు శక్తిని మార్చుకొను వీలుగల దుర్భిణులలో రెటికిల్ రెండు చోట్లలో ఎక్కడనైన ఉండవచ్చును. ముందటి నాభితలములో ఉన్నచో ప్రతిబింబముతోపాటు గీతలును పెరుగును, తరుగును. చుక్కల ఎడము ఎల్లప్పుడును ఒకే కోణమును తెలుపును. వెనుకటి నాభితలములో ఉన్నచో గీతలు మారవు, ప్రతిబింబము మాత్రమే మారును. అప్పుడు చుక్కల కొలత ఏదో ఒక శక్తివద్ద మాత్రమే సరియగును. పదింతల శక్తివద్ద ఒక మిల్లీరేడియన్‌గ ఉన్న ఎడము ఐదింతలవద్ద రెండు మిల్లీరేడియన్లగును. మరలకు ఈ బెడద లేదు.

మరి ఏది ఎన్నుకొనవలెను? కాల్చువాని ప్రక్కన కూర్చుండి గుండు పడినచోటును చూచి చెప్పు తోడువాడు ఏ ప్రమాణములో చెప్పునో మొదట విచారింపవలెను. "పాయింట్ ఎనిమిది మీదికి" అని అతడనగా, వినినవాడు నిమిషముల మరపై చేయివేసికొని 3.438తో గుణింపసాగినచో ఈలోపున గాలి మారిపోవును. తరువాత, దూరమును తెలుపు సాధనము మీటర్లలో చెప్పునా గజములలో చెప్పునా అని చూడవలెను. మీటర్లతో పెరిగినవారికి, అనగా మన దేశపు విద్యార్థులకు, ఐరోపావారికి, మిల్లీరేడియన్‌ను కాదనుటకు కారణమేదియు కనబడదు. అమెరికాలో గజములతో, అంగుళములతో జీవితమంతయు గడపి, తోటివారందరును నిమిషములనే పలుకుచుండగా, నిమిషములనే పట్టుకొన్నవాడు నష్టపోవునది ఏమియు లేదు; ఒక్క మెట్టు సన్ననిది కూడ అతనికి దక్కును. పోటీలలో గురిపలక వలయములను అంగుళపు లెక్కన చేసినచోట అతనిదే సుఖము. రెండింటిని కలిపి వాడువానికి మాత్రము ఏ సుఖమును లేదు.

రైఫిలు అవసరము లేకుండగనే ఈ లెక్కలను పాఠశాలలో చేయించవచ్చును. మిల్లీమీటర్లు గుర్తించిన మామూలు కొలబద్దకు నడుమ ఒక దారమును కట్టి, 50 సెంటీమీటర్లవద్ద ముడివేయవలెను. ముడిని కంటిక్రింద చెంపకు ఆనించి, దారము బిగియునట్లు కొలబద్దను ఎదుట నిలువుగ పట్టుకొన్నచో దానిపై ఒక్కొక్క మిల్లీమీటరు రెండు మిల్లీరేడియన్లగును. మైదానమునకు ఆవలనున్న తరగతిగది తలుపు ఎత్తు 2 మీటర్లనుకొందము. అది కొలబద్దపై 20 మిల్లీమీటర్లు ఆక్రమించినచో కోణము 40 మిల్లీరేడియన్లు, దూరము 50 మీటర్లు. పిదప అడుగులతోనో టేపుతోనో కొలిచి సరిచూచుకొనవలెను. ఇద్దరు ముగ్గురు విద్యార్థులచే వేరువేరుగ కొలిపించినచో, తప్పు లెక్కలోనుండి గాక చదువుటలోనుండి వచ్చుచున్నదని వారే గ్రహింతురు.

పూర్ణిమనాడు అదే కొలబద్దను చంద్రునివైపు పట్టినచో బింబము నాలుగున్నర మిల్లీమీటర్లు ఉండును: 9 మిల్లీరేడియన్లు, 31 నిమిషములు. చంద్రుని సగటు దూరము 3,84,400 కిలోమీటర్లు గనుక దానిలో వెయ్యింటికి తొమ్మిది వంతులు 3,460 కిలోమీటర్లు. శాస్త్రజ్ఞులు కొలిచిన చంద్రుని వ్యాసము 3,474. సూర్యబింబము కూడ ఇంచుమించు అంతే కోణము చేయునుగాని, దానివైపు కొలబద్దతోనైనను, దుర్భిణితోనైనను చూడరాదు.